స్లాబు ఇంట్లో స్టీరియో: దరీ చేసేది సగం పనే

హైదరాబాద్ షోరూములో గాయకుడు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వినిపించిన స్పీకర్లే హన్మకొండ ఇంటికి తెచ్చి బిగించాక వేరుగా మోగుతాయి. గొంతు పలచబడుతుంది, పళ్లెం జారిపడ్డట్టు పై స్వరాలు గీరుకుంటాయి, బేస్ మాత్రం ఉబ్బిపోతుంది. అప్పుడు అనుమానం మొదట యాంప్లిఫయరు మీదికి, తర్వాత వైర్ల మీదికి పోతుంది. రెండూ మార్చిన తర్వాత కూడా తేడా కనిపించదు. ఎందుకంటే మారింది గది. షోరూములో నేలంతా మందపాటి కార్పెట్, గోడలకు మెత్తటి ప్యానెళ్లు, మూలల్లో సోఫాలు ఉంటాయి. ఇంట్లో కింద విట్రిఫైడ్ టైల్స్, నాలుగు వైపులా పుట్టీ పెట్టి నున్నగా తీర్చిన గోడలు, పైన కాంక్రీటు స్లాబు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్, ఎక్కడ చూసినా కొత్త కాలనీల్లో ఇదే కట్టుబడి. శబ్దం తప్పించుకుపోవడానికి దారి లేని పెట్టెలాంటి గది అది.

పాత పెంకుటిళ్లు ఈ ఒక్క విషయంలో మేలు. మట్టిగోడ, టేకు దూలం, వాసాలు, గూన పెంకు, గోడల్లో గూళ్లు. పెంకుల కింది నుంచి బేస్ బయటికి జారిపోతుంది. దూలాలు, గూళ్లు, ఎగుడుదిగుడు గోడ కలిసి పై స్వరాలను తలా ఒక దిక్కుకు చెదరగొడతాయి. వీధి చప్పుడు లోపలికి రావడం, లోపలి పాట వీధికి వినపడడం వేరే ఇబ్బంది. అయినా అలాంటి ఇల్లు ఇంకా చేతిలో ఉన్నవాళ్లు, దాన్ని కూల్చే ముందు రెండు స్పీకర్లు అందులో పెట్టి ఒకసారి వినాలి. స్లాబు ఇంట్లో ఏది పోయిందో అప్పుడు తెలుస్తుంది.

ఎంత పోయిందో లెక్కగట్టవచ్చు. ఆ లెక్క చెప్పినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వాలెస్ సబైన్. 1895లో అక్కడి ఒక ఉపన్యాస మందిరంలో మాటలు ఒకదాని మీద ఒకటి పడి అర్థం కావడం లేదని, సరిచేసే పని ఆయనకు అప్పగించారు. పక్కనున్న థియేటరు నుంచి సీటు మెత్తలు మోయించుకొచ్చి, వాటి సంఖ్య పెంచుతూ, ఊరు నిద్రపోయాక రాత్రిళ్లు స్టాప్‌వాచీతో కొలిచాడు. తేలింది ఇది: మీటర్ల లెక్కలో గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం వైశాల్యంతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెల్స్ మేర తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి.

మన ఇళ్లలో మామూలుగా కనిపించే 12 అడుగులు, 14 అడుగుల గదిని, 10 అడుగుల ఎత్తు స్లాబుతో తీసుకుందాం. ఘనపరిమాణం దాదాపు 48 ఘనపు మీటర్లు. నేల, పైకప్పు, నాలుగు గోడలు కలిపి 80 చదరపు మీటర్లు. టైల్స్, ప్లాస్టరు, కాంక్రీటు తమ మీద పడిన శబ్దంలో సగటున 3 శాతం పీల్చుకుంటాయనుకుంటే, ఆ 80 మీటర్లూ కలిసి చేసే పని, తన మీద పడిన శబ్దమంతా పీల్చే 2.4 చదరపు మీటర్ల పరుపు చేసినంత. లెక్క వేస్తే 3.2 సెకన్లు. అంటే ఒక డప్పు దెబ్బ పూర్తిగా అణిగేలోపు తర్వాతి దెబ్బలు చాలా పడిపోతాయి. ఇంట్లో పాట వినడానికి 0.3 నుంచి 0.5 సెకను దాకా ఉంటే బాగుంటుంది. 0.4 సెకనుకు తేవాలంటే పీల్చుకునే వైశాల్యం 19 చదరపు మీటర్లు కావాలి. ఆ గది నేల మొత్తం 15.6 చదరపు మీటర్లే. మంచం, బీరువాలో బట్టలు, కర్టెన్లు, కూర్చున్న మనుషులు కొంత తీరుస్తారు కాబట్టి నిజం గదిలో పరిస్థితి ఇంత దారుణంగా ఉండదు. కానీ తీరని బాకీ పెద్దదే.

పత్తి పండే నేలలో ఈ బాకీ తీర్చే సరుకు వెతుక్కునే పని లేదు. ఎనుమాముల, జమ్మికుంట మార్కెట్లకు వచ్చే పంట అదే, వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే దరీల్లో, అంటే పత్తి తివాచీల్లో, ఉన్నదీ అదే. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. స్పీకర్లకూ వినే కుర్చీకీ మధ్య నేల మీద ఒక దరీ, దాని కింద ఇంట్లోదే ఒక మందపాటి బొంత పరిస్తే, నేల మీద తగిలి చెవికి వచ్చే ప్రతిధ్వని వెంటనే మెత్తబడుతుంది. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే ఇంతకుముందు ‘టింగ్’ మని సాగిన మోత తగ్గుతుంది. ఆ మోత నేలకూ స్లాబుకూ మధ్య శబ్దం బంతిలా పోయి రావడం వల్ల పుట్టేది. 10 అడుగుల ఎత్తు గదిలో ఒక రాకపోకకు 18 మిల్లీ సెకన్లు పడుతుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, లేదా అదే దారిలో మరీ దూరం పోతారు. నేలకు దరీ, గోడలకు దరీ, కిటికీలకు దట్టమైన కర్టెన్లు, అదీ చాలకపోతే అంగుళం మందం ఫోము. గుడ్ల ట్రేలు అతికించేవాళ్లు కూడా ఉన్నారు; అవి దుమ్ము పట్టడం తప్ప చెప్పుకోదగ్గ పని చేయవు. ఇన్ని బట్టలు కప్పాక గది మూగబోతుంది. తాళాల గలగల, వీణ మీటు అంచు, గొంతులోని ఊపిరి పోతాయి. బేస్ మాత్రం ఇదివరకటికంటే ఎక్కువ ఉబ్బినట్టు వినిపిస్తుంది, ఎందుకంటే దానితో పోటీపడే పై స్వరాలను మనమే తీసేశాం. ఏమీ చేయని గదికంటే ఇలా సగం చేసిన గది వినడానికి కష్టం.

కారణం అలల పొడవులో ఉంది. 4,000 హెర్ట్జ్, అంటే సెకనుకు 4,000 సార్లు కంపించే స్వరానికి అల పొడవు 9 సెంటీమీటర్లలోపే. 100 హెర్ట్జ్‌కు అది దాదాపు మూడున్నర మీటర్లు, 50 హెర్ట్జ్‌కు ఏడు మీటర్లు. బట్ట, దూది, రాక్‌వూల్ (రాతి పోగుల దూది) లాంటివన్నీ తమ పోగుల సందుల్లో గాలి కదులుతుంటే రాపిడితో ఆ కదలికను వేడిగా మారుస్తాయి. గోడను ఆనుకున్న చోట గాలి కదలదు. అల పొడవులో నాలుగో వంతు దూరం ముందుకొస్తే ఎక్కువగా కదులుతుంది. పై స్వరాలకు ఆ దూరం రెండు సెంటీమీటర్లు, దరీ మడతలో సరిపోతుంది. 100 హెర్ట్జ్‌కు 86 సెంటీమీటర్లు. గోడకు అతికించిన పలుచని వస్తువేదీ అక్కడిదాకా చేరదు. కాబట్టి మందం కావాలి, గోడకూ ప్యానెల్‌కూ మధ్య ఖాళీ కావాలి.

స్లాబు ఇంట్లో అసలు సమస్య ఈ కింది స్వరాలే. రెండు సమాంతర గోడల మధ్య దూరానికి రెండింతలు పొడవున్న అల వాటి మధ్య నిలిచిపోతుంది. 10 అడుగుల దూరానికి అది 56 హెర్ట్జ్, 12 అడుగులకు 47, 14 అడుగులకు 40. ఇప్పుడు 10 అడుగులు, 10 అడుగుల గదిని 10 అడుగుల ఎత్తుతో ఊహించండి. మూడు దిక్కులా నిలిచే అల ఒకటే, 56 హెర్ట్జ్. బేస్ గిటారులో ‘ఎ’ తీగ వదిలి మీటితే 55 హెర్ట్జ్, ‘ఇ’ తీగ 41. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు ఒక రెండో గాయకుడిలా నడుస్తుంది. ప్రతి మెట్టూ ఒకే బరువుతో వినపడితేనే ఆ నడక అందం. ఈ ఘనాకారపు గదిలో ఒక స్వరం గదంతా ఊపేస్తుంది, పక్కది వచ్చిందో లేదో తెలియదు. ఒగ్గు డోలు రికార్డింగు పెడితే దెబ్బ ఆగాక కూడా గది మోగుతూనే ఉంటుంది, బీరువా తలుపు గజగజలాడుతుంది. చాలామంది దీన్నే ‘బేస్ బాగుంది’ అనుకుంటారు. అది డోలు కాదు, గది.

అందుకే స్పీకర్లు ఎంచుకునే ముందు గది ఎంచుకోవాలి. మూడు కొలతల్లో ఏదీ ఇంకొకదానికి సమానంగా గానీ సరిగ్గా రెట్టింపుగా గానీ ఉండకపోవడం మంచిది. ఘనానికి దగ్గరగా ఉండే పిల్లల గది కంటే 12, 14 అడుగుల పడకగది మేలు. మంచం మీది పత్తి పరుపు, అల్మారాల్లోని బట్టలు అదనపు సాయం. డైనింగు వైపు తెరుచుకున్న పెద్ద హాలులో బేస్ అంతగా పేరుకోదు గానీ, ఒక పక్క గోడ ఉండి మరో పక్క ఖాళీగా ఉండడం వల్ల పాట ఒక వైపుకు ఒరుగుతుంది. పైన జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగు వేయించే ఆలోచన ఉంటే దాన్ని అందం కోసమే అనుకోనక్కర్లేదు. బోర్డుకూ స్లాబుకూ మధ్య ఖాళీ ఉండడం వల్ల ఆ బోర్డు కాస్త ఊగి 125 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని కొంత తింటుంది. ప్లాస్టరు చేసిన స్లాబు ఆ పని చేయదు. సీలింగు పైన రాక్‌వూల్ పరిపిస్తే ఇంకా మంచిది, తర్వాత విప్పి చేయించడం కంటే పని జరుగుతున్నప్పుడే అడగడం తేలిక.

మందమైన ప్యానెళ్లు ఇంట్లోనే చేయించుకోవచ్చు. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల లోతు ఉన్న చెక్క చట్రం వడ్రంగికి అరపూట పని. లోపల ఏకిన దూదిని వదులుగా నింపి, కిందికి జారిపోకుండా పరుపుకు వేసినట్టు అక్కడక్కడా కుట్లు వేయించాలి. పైన కప్పే బట్టకు పరీక్ష ఒకటే: నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. మగ్గం బట్ట సరిపోతుంది, రెగ్జిన్ పనికిరాదు. దూది బదులు ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ వాడితే చెదల బాధ ఉండదు, మంటా అంటుకోదు. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్సులు తప్పనిసరి. దూదితో చేసినవి ప్లగ్గులకు, వైర్లకు దూరంగా ఉండాలి, ఏడాదికి రెండుసార్లు దించి వెనక చూసుకోవాలి. ఇలాంటివి పక్క గోడలకు రెండేసి, వెనక గోడకు రెండు, ఒక్కొక్కటి గోడకు నాలుగు అంగుళాల ఎడంలో.

అసలు బేస్ పని మూలల్లో జరగాలి, నిలిచిన అలల ఒత్తిడి అన్నీ పేరుకునేది అక్కడే. నేల నుంచి స్లాబు దాకా అడుగున్నర మందంతో మూలను నింపితే అప్పుడు తేడా వినిపిస్తుంది. ఇంత సరుకు రాక్‌వూల్‌తో ఖర్చు. వదులు పత్తి నింపిన బోరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు బట్ట కట్టినా అదే పని చేస్తాయి. జిన్నింగు మిల్లులో నొక్కి కట్టిన 170 కిలోల బేలు మాత్రం వద్దు. అంత బిగువులో గాలి కదలదు, గోడకూ దానికీ తేడా ఉండదు. ఈ మూలల సంగతి వినగానే ఇంట్లో అభ్యంతరం వస్తుంది, న్యాయమే. నాలుగు మూలలూ దొరక్కపోతే స్పీకర్ల వెనక రెండు మూలలైనా అడగాలి. అన్ని గోడలకూ అంగుళం ఫోము కంటే రెండు మూలల్లో అడుగున్నర దూది ఎక్కువ పని చేస్తుంది.

స్పీకర్లు పెట్టే చోటు దగ్గర మన ఇళ్ల అలవాటు చాలా నష్టం చేస్తోంది. ఒకటి సజ్జ మీద, ఇంకొకటి టీవీ యూనిట్ అరలో, లేదా రెండూ పై మూలల్లో మేకులకు. మూలలో పెట్టిన స్పీకరుకు మూడు గోడలూ బేస్ జోడిస్తాయి, పై స్వరాలేమో తల మీంచి పోతాయి. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లుమ్‌లైన్ అనే ఇంజినీరు స్టీరియోకు పేటెంటు కోరినప్పటి నుంచి దాని ఆధారం ఒక్కటే: రెండు స్పీకర్ల నుంచి రెండు చెవులకు చేరే శబ్దంలోని చిన్న తేడాలతో మెదడు ఎదుట ఒక వేదిక కట్టుకోవాలి. ఆ తేడాలు చెడకుండా ఉండాలంటే రెండు స్పీకర్లూ, వినేవారి తలా సమబాహు త్రిభుజంలో ఉండాలి. 12 అడుగుల వెడల్పు గదిలో స్పీకర్ల మధ్య 2.2 మీటర్లు, కుర్చీకి అంతే దూరం. పొట్టి గోడ వైపు స్పీకర్లు, పక్క గోడలకు రెండు వైపులా సమాన దూరం. పై స్వరాలు పలికే ట్వీటరు చెవి ఎత్తులో. కుర్చీలో కూర్చుంటే చెవి నేలకు మీటరు ఎత్తు దగ్గర ఉంటుంది, దరీ మీద బాసింపట్టు వేసుకుని వినే ఇంట్లో అంతకంటే చాలా కింద. స్టాండు దాన్ని బట్టి చేయించాలి, కేటలాగును బట్టి కాదు.

స్పీకరుకూ దాని వెనక ఉన్న గోడకూ మధ్య దూరం కూడా స్వరాన్ని కోస్తుంది. గోడకు తగిలి వెనక్కి వచ్చిన అల నేరుగా వచ్చేదాన్ని ఒకచోట రద్దు చేస్తుంది: 60 సెంటీమీటర్లయితే 143 హెర్ట్జ్ దగ్గర, మీటరైతే 86 దగ్గర. ఏ దూరంలోనూ ఇది పూర్తిగా పోదు, జరుపుతూ వింటూ తక్కువ బాధించే చోటు పట్టుకోవాలి. కుర్చీ గదికి సరిగ్గా నడుమ ఉంటే పొడవు మీద నిలిచిన మొదటి అల అక్కడ వినపడనే వినపడదు. వెనక గోడకు ఆనించి కూర్చుంటే అదే అల చెవిలో హోరెత్తుతుంది. పొడవులో ఒక గోడ నుంచి 38 శాతం దూరం మొదలుపెట్టడానికి మంచి చోటు.

పక్క గోడల మీద ప్యానెల్ ఎక్కడ పెట్టాలో చెప్పేది అద్దం. ఒకరు కుర్చీలో కూర్చుంటే ఇంకొకరు గోడ వెంట అద్దం జరపాలి. అందులో స్పీకరు కనపడిన చోటే శబ్దం తగిలి మళ్లే చోటు. పైన చెప్పిన కొలతల్లో ఆ దారిలో వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానికి 3 మిల్లీ సెకన్లు ఆలస్యం. జర్మన్ పరిశోధకుడు హెల్ముట్ హాస్ 1949లో చూపినట్టు ఇంత తక్కువ ఆలస్యంతో వచ్చే ప్రతిధ్వనిని చెవి విడిగా వినదు, అసలు శబ్దంలో కలిపేసుకుంటుంది. అందుకే అది ఉందని తెలియదు, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం మసకబారుతుంది. ఒక వైపు గోడ, ఇంకో వైపు కిటికీ ఉన్న గదిలో కిటికీకి మందపాటి కర్టెన్ కుచ్చులతో వేసి, గోడకు ప్యానెల్ పెడితే రెండు వైపులా తూకం కుదురుతుంది.

ఇదంతా కుదిరిందా లేదా తేల్చడానికి స్టీరియో గదికి పెట్టే మొదటి పరీక్ష మోనో పాటే కావాలి. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవే. రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం పోతుంది కాబట్టి ఆ గొంతు రెండింటికీ సరిగ్గా నడుమ, ఏ స్పీకరూ లేని చోట, మనిషి ముఖమంత కొలతలో నిలబడాలి. గొంతు కుడికో ఎడమకో ఒరిగితే, లేదా గోడంత వెడల్పుగా పరుచుకుంటే, తప్పు రికార్డింగుది కాదు. స్పీకరును వేలెడంత జరిపి, కొంచెం లోపలికి తిప్పి మళ్లీ వినాలి. అది కుదిరాక, మైకులతో బతుకమ్మ ఆడేచోటే రికార్డు చేసిన స్టీరియో పాట పెట్టాలి. వలయంగా తిరిగే ఆడవాళ్ల చప్పట్లు ఎడమ నుంచి కుడికి, దగ్గర నుంచి దూరానికి కదలడం కళ్లకు కట్టాలి. పాత పాటలు ‘చదునుగా ఉంటాయి’ అని పక్కన పెట్టేసేవాళ్లు ఈ గదిలో వాటిని మళ్లీ వినడం మంచిది. గొంతు వెనక వయొలిన్లు ఎంత వెనక కూర్చున్నాయో మోనోలో కూడా తెలుస్తుంది.

యాంప్లిఫయరు గురించి తక్కువ మాటల్లో చెప్పొచ్చు. పెట్టె మీద వేల వాట్లుగా రాసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అంకె చూడకూడదు, ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) చూడాలి. ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్లకు ఈ గదిలో 50 వాట్లు కావలసినదానికంటే ఎక్కువే. 40 డిగ్రీలు దాటే వేసవిలో పొయ్యిలా వేడెక్కే క్లాస్ ఎ యంత్రం కంటే తక్కువ వేడెక్కే క్లాస్ డి రకం సుఖం. స్పీకరు కోను అంచు ఫోముతో చేసిందైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడి రాలుతుంది, రబ్బరు అంచు అడగాలి. గుయ్యిమని సన్నగా మోత వస్తుంటే అది 50 లేదా 100 హెర్ట్జ్ కరెంటు మోత, ఎర్తింగు చూపించుకోవాలి. మోత పోతుందని మూడో పిన్ను తీసేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. కరెంటు పోయినప్పుడు కూడా వినాలనుకుంటే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు బదులు సైన్ వేవ్‌ది ఉండాలి.

ప్యానెళ్లు పెట్టాం కాబట్టి శబ్దం పక్కింటికి పోదనుకోవడం పొరపాటు. లోపల ప్రతిధ్వని తగ్గించడం వేరు, బయటికి పోకుండా ఆపడం వేరు. ఆపేది బరువు, సందు లేకపోవడం: తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బాగా ఆపుతుంది, తలుపు కింది అరంగుళం సందు ఆ గోడ చేసిన పనంతా పాడుచేస్తుంది. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ అన్నిటికంటే చవకైన మందు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. మరోపక్క, ఫ్యాను పూర్తి స్పీడులో తిరుగుతుంటే తంబురా లాంటి సన్నని శబ్దాలు అందులో మునిగిపోతాయి. మే నెల మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున గది బాగా వినిపించడానికి సగం కారణం ఇదే.

చివరికి చెవితో పాటు కొలత కూడా ఉండాలి. ‘రూమ్ ఈక్యూ విజార్డ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, కాలిబ్రేట్ చేసిన యూఎస్‌బీ మైకు ఒకటి చాలు. కుర్చీలో తల ఉండేచోట మైకు పెట్టి 20 హెర్ట్జ్ నుంచి పైకి స్వరం నడిపిస్తే, గదిలో నిలిచిన అలలు గ్రాఫులో గుట్టలుగానో గుంటలుగానో కనపడతాయి. ఆ గుట్టలను ఈక్వలైజరుతో తగ్గించవచ్చు, అది న్యాయమైన పనే, ముఖ్యంగా మూలలు దొరకని ఇంట్లో. గుంటలను మాత్రం ఈక్వలైజరుతో నింపబోకూడదు. అక్కడ రెండు అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి. ఎంత శక్తి పోసినా రద్దయ్యేదీ అంతే పెరుగుతుంది, యాంప్లిఫయరు అలిసిపోతుంది, బేస్ పలికే వూఫరు కోను కొట్టుకుంటుంది. గుంట కనపడితే కుర్చీని జానెడు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ కొలవాలి. గుంట పూడిన చోట కుర్చీ కాళ్ల దగ్గర టైలు మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెట్టుకుంటే, ఇల్లు తుడిచిన ప్రతిసారీ మొదటి నుంచి వెతుక్కునే పని ఉండదు.